కాలువలో కలిపిన మదర్‌బోర్డు

తెనాలి నుంచి బాపట్ల, బాపట్ల నుంచి మళ్లీ తెనాలి, అక్కణ్ణుంచి రేపల్లె. అంద్రెయ బతుకు పదిహేనేళ్లుగా ఈ పట్టాల మీదే తిరుగుతోంది. షాపు లేదు, కూర్చోడానికి బల్ల లేదు. భుజాన నల్లసంచి, అందులో రెండు స్క్రూడ్రైవర్లు, దుమ్ము దులిపే పాత పళ్ల బ్రష్షు, అన్నం డబ్బా. కంప్యూటర్ పాడైందని ఎవరైనా ఫోన్ చేస్తే దొరికిన బండి ఎక్కి వెళ్తాడు. వయసు నలభై ఎనిమిది. చూసేవాళ్లు అరవై అనుకుంటారు.

కొల్లిపర దగ్గరి పల్లెలో పుట్టాడు. ఏడో తరగతి సగంలో బడి మానేసి, మీసాలు రాకముందే తెనాలి రైసుమిల్లులో బస్తాలు మోశాడు. ముప్పయ్యో ఏట నడుం పట్టేసింది. బరువులెత్తితే మంచాన పడతావని డాక్టరు చెప్పాడు. అప్పుడు కోటేశ్వరరావు అనే ఆయన కొత్తగా కంప్యూటర్ల షాపు పెట్టి, పాత టీవీలంత లావున ఉండే మానిటర్లు మెట్లెక్కించడానికి మనిషి కావాలన్నాడు. అదీ బరువే, కాకపోతే బస్తా కంటే నయం. మోసిన పెట్టె విప్పుతుంటే అంద్రెయ పక్కన నిలబడి చూసేవాడు. చూసి చూసి నేర్చుకున్నాడు. ఇంగ్లీషు చదవడం రాదు. బస్తాల మీద మార్కులు వేసిన చెయ్యి కాబట్టి అంకెలూ అక్షరాలూ విడివిడిగా తెలుసు. తెర మీద వచ్చే మాటల్ని మాత్రం తెలిసిన మొహాల్ని పోల్చుకున్నట్టు పోల్చుకుంటాడు. కోటేశ్వరరావు షాపు ఎత్తేశాక సంచి భుజాన వేసుకుని బయల్దేరాడు.

ఆ చుట్టుపక్కల కంప్యూటర్లు బాగుచేసే వాళ్లందరి దగ్గరా ఉండేది ఒకటే మందు, ఫార్మాట్ కొట్టడం. ఉన్నదంతా తుడిచేసి విండోస్ కొత్తగా ఎక్కించడం. మదర్‌బోర్డు మార్చాల్సి వస్తే అదొక్కటే దారి అంటారు. అంద్రెయ ఒప్పుకోడు.

"ఇల్లు కురుస్తుంటే పెంకులు మార్చాలి గానీ, లోపలున్న వాళ్లని తోలేసి కొత్త కాపరాన్ని దింపుతామేంటండీ?" అంటాడు.

అతని పద్ధతి వేరు. పాత బోర్డు పూర్తిగా చావకముందే పిలవమంటాడు. అది ఇంకా లేస్తుండగానే విండోస్‌లోకి వెళ్లి, ఆ బోర్డును నడిపే చిన్న ప్రోగ్రాములు, వాటినే డ్రైవర్లంటారు, అన్నీ తీసేస్తాడు. హార్డ్‌డిస్కును నడిపే డ్రైవరు స్థానంలో ఏ బోర్డు మీదైనా పనిచేసే మామూలుదాన్ని పెట్టి ఆపేస్తాడు. ఆపాక పాత బోర్డు మీద మళ్లీ లేపడు. కొత్తది బిగించి, దాని సెట్టింగుల్లో డిస్కు నడిచే తీరు పాతదాంట్లో ఉన్నట్టే పెట్టి అప్పుడు ఆన్ చేస్తాడు. విండోస్ లేచి, కాసేపు తడుముకుని, కొత్తచోటికి అలవాటు పడుతుంది. ఒక్క ఫైలు కూడా పోదు. పదిహేనేళ్లలో ఏ ఒక్కరి ఫైలూ పోగొట్టలేదన్నది అంద్రెయకున్న ఒకే ఒక్క గొప్ప.

ఆ గొప్ప బాపట్లలో పోయింది.

బాపట్లలో యజ్ఞనారాయణ అనే డిజైన్ మాస్టారు ఉన్నాడు. చీరల అంచులకీ, కొంగులకీ డిజైన్లు గీసి, జకార్డు మగ్గాలకు అట్టలు కొట్టించి ఇవ్వడం ఆయన పని. అట్టకు బెజ్జం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. అట్టలన్నీ దండగా కుట్టి మగ్గానికి తగిలిస్తే ఆ డిజైన్ చీరలోకి దిగుతుంది. పూర్వం గళ్ల కాగితం మీద గీసేవాడు. పదిహేడేళ్ల కిందట కోయంబత్తూరు వాళ్ల దగ్గర ఒక సాఫ్ట్‌వేర్, అట్టలు కొట్టే మిషను తెచ్చుకుని, అప్పట్నుంచి కంప్యూటర్లోనే గీశాడు. నాలుగు వందల పన్నెండు డిజైన్లు. నాలుగేళ్ల కిందట షుగరు వల్ల ఆయన రెండు కళ్లూ పోయాయి. ఉన్న డిజైన్లు తెరిచి అట్టలు కొట్టి ఇల్లు నడుపుతున్నది ఆయన భార్య కనకలక్ష్మి.

దసరా వెళ్లిన వారానికి ఆవిడ ఫోన్ చేసింది.

"తమ్ముడూ, కంప్యూటరు పావుగంటకోసారి దానంతటదే ఆగిపోతోంది. చీరాల్లో మగ్గాలు నేయించే పాండురంగారావు గారు పన్నెండు మగ్గాలకి గవ్వల అంచు అడిగారు. పాత అట్టలు ఎలుకలు కొట్టేసినయ్. పదిహేను రోజుల్లో కొత్తవి కొట్టివ్వకపోతే పని పవర్లూమ్‌కి పోద్ది. ఆయన పనొక్కటే మాకు మిగిలింది."

"ఎవర్నీ ముట్టుకోనివ్వమాకక్కా. నేనొస్తన్నా."

వెళ్లి మూత విప్పితే బోర్డు మీద కెపాసిటర్లు నాలుగు ఉబ్బిపోయి ఉన్నాయి. దానికి సరిపోయే బోర్డు, అందులోనూ అట్టల మిషను వైరు గుచ్చే వెడల్పాటి పాత సాకెట్టు ఉన్నది, వెతికి పట్టుకోడానికి మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు గురువారం, పొద్దున్న మొదలుపెట్టి మధ్యాహ్నానికి మార్చేశాడు. విండోస్ లేచింది. తెర మీద కనకలక్ష్మి పెట్టుకున్న పొన్నూరు ఆంజనేయస్వామి బొమ్మతో సహా అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

"వచ్చిందా?" అన్నాడు గోడవారగా మడతమంచం మీద కూర్చున్న యజ్ఞనారాయణ.

"వచ్చింది మాస్టారూ. మీ సామి కూడా కదల్లా."

ఇక డిజైన్ సాఫ్ట్‌వేర్ తెరిచి చూడాలి. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో పాడైపోయింది. అరగంట చూశాడు, రాలేదు. రేపల్లెలో నెట్ సెంటర్ నడిపే ప్రేమకుమారి అప్పటికి ఐదోసారి ఫోన్ చేసింది.

"అన్నయ్యా, ప్రింటర్ తెస్తానని మూడ్రోజులు. జనం నన్ను తిడతన్నారు. నేను నిన్నే గదా తిట్టాలి?"

"నాలుగింటి బండికి బయల్దేరతన్నా తల్లీ," అన్నాడు.

మామూలుగా ఏ బోర్డు విప్పినా దాని అంచున అతికించి ఉండే స్టిక్కరు మీది పన్నెండు అంకెలు నోటుబుక్కులో రాసుకుంటాడు. పాత బోర్డును సంచిలో వేసుకుని పోతాడు. ఆ రోజు రాసుకోలేదు. సంచిలో రేపల్లె ప్రింటర్ ఉంది, ఇంక దేనికీ చోటు లేదు.

"దీన్నేం చెయ్యమంటావు?" అని కనకలక్ష్మి పాత బోర్డు చూపించింది.

"అది చచ్చిపోయిందక్కా. పారేయండి," అని చెప్పులు తొడుక్కున్నాడు.

ఆ మాట అన్న చోటు, ఆ గడప, తర్వాత చాలాసార్లు అంద్రెయ కళ్ల ముందుకు వచ్చింది.

కనకలక్ష్మి ఆ బోర్డును చెత్తలో వెయ్యలేకపోయింది. పదిహేడేళ్లు ఇంటికి తిండి పెట్టిన మిషను. ఏటా దసరాకు మూత విప్పి, లోపల ఆ ఆకుపచ్చ పలక మీద కూడా ఇంత పసుపు రాసి బొట్టు పెట్టేవారు. బొట్టు పెట్టినదాన్ని పాతసామాన్ల వాడి బండిలో పడేస్తే చెడు జరుగుతుందని ఆవిడ భయం. శుక్రవారం తెల్లవారగానే తలంటుకుని, బోర్డును ఎర్రటి జాకెట్టు ముక్కలో చుట్టి, పసుపు కుంకుమ, రెండు చామంతి పూలు పెట్టి, నూలు దారంతో కట్టి, చిరిగిపోయిన పటాలతో పాటు కాలువలో వదిలి దణ్ణం పెట్టుకుని వచ్చింది. వచ్చి కంప్యూటర్ ఆన్ చేసి సాఫ్ట్‌వేర్ నొక్కింది. టంగుమని ఒక చప్పుడు, చిన్న గడిలో ఇంగ్లీషు ముక్క. మళ్లీ నొక్కింది. మళ్లీ టంగు.

కనకలక్ష్మి ఫోన్ చేస్తే, రేపల్లెలో పని సగంలో వదిలేసి అంద్రెయ శనివారం నేరుగా వచ్చాడు. ఆ గడిని చూడగానే గుర్తుపట్టాడు. అలాంటి గడి మూడేళ్ల కిందట తెనాలిలో ఒక మందుల షాపు బిల్లుల సాఫ్ట్‌వేర్‌లో చూశాడు. అప్పట్నుంచే స్టిక్కర్ల మీది అంకెలు రాసుకోవడం మొదలుపెట్టింది.

"ప్రతి బోర్డుకీ నెట్ వైరు గుచ్చే చోట కంపెనీవాడు ఒక నంబరు పెడతాడక్కా. ఒకదానికున్నది ఇంకోదానికి ఉండదు. కోయంబత్తూరు వాళ్లు ఆ నంబరు చూసి తాళం వేసిపోయారు. బోర్డు మారింది, నంబరు మారింది. అందుకని మీరు మీరు కాదంటంది."

"వాళ్లకి ఫోన్ చేస్తే?" అన్నాడు యజ్ఞనారాయణ.

"చేశానండీ," అంది కనకలక్ష్మి. "ఆ కంపెనీయే లేదంట. ఆ నంబరు ఇప్పుడెవరో టైర్ల షాపు వాళ్లది."

"భయం లేదక్కా. పాత నంబరు కొత్త బోర్డుకి పెట్టొచ్చు. విండోస్‌లో దానికో గడి ఉంది, టైపు చేస్తే చాలు. పాత బోర్డు మీద స్టిక్కర్ ఉంటది. ఇలా తీసుకురా."

ఆవిడ కదల్లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమైంది?"

"కాలువలో కలిపేశా తమ్ముడూ. నువ్వే గదా పారేయమంది."

అంద్రెయ చొక్కా విప్పి భుజాన వేసుకున్నాడు.

"రేవు చూపించక్కా."

కాలువ నిండుగా పారుతోంది, వరి చేలకు నీళ్లు వదిలే రోజులు. కనకలక్ష్మి రేవు మెట్ల మీద నిలబడి ఇక్కడే అని చూపించింది. అంద్రెయ ఛాతీ లోతు నీళ్లలో దిగి కాళ్లతో తడిమాడు. అడుగున బురద కంటే దేవుళ్లే ఎక్కువ ఉన్నారు. పటాల చెక్కలు, ప్రమిదలు, తల విరిగిన బొమ్మలు, కలశం చెంబు. గాజుపెంకు కోసి పాదం నుంచి రక్తం పోయింది. ఒడ్డున బట్టలుతుకుతున్న ముసలామె చూసి అడిగింది.

"ఏంటయ్యా, బంగారం పోయిందా?"

"బంగారమైతే ఎప్పుడో వదిలేసేవాణ్ణి మామ్మా."

నడుం నొప్పి మెడ దాకా పాకింది. రెండున్నర గంటలకు, ఆఖరి మెట్టు కింద బరువుకు దిగబడిన ఎర్రగుడ్డ మూట కాలికి తగిలింది.

ఇంటికి తెచ్చి విప్పారు. పూలు కుళ్లి అంటుకున్నాయి. స్టిక్కరు ఉంది. పసుపు, నీళ్లు, బురద కలిసి కాగితం ఒక మూల ముద్దయిపోయింది. అంద్రెయ కళ్లజోడు పెట్టుకుని, తీసేసి, ఫోన్ లైటు వేసి చూశాడు. మొదటి తొమ్మిదీ తేటగా ఉన్నాయి. చివరి మూడూ లేవు. వేలితో తాకితే ఉన్న పిప్పి కూడా ఊడొచ్చింది.

"ఒక్కో చోట ఎన్ని రకాలు పడొచ్చు?" అని అడిగాడు యజ్ఞనారాయణ.

"సున్నా నుంచి తొమ్మిది, ఆ తర్వాత ఏ నుంచి ఎఫ్. పదహారు మాస్టారూ."

ముప్పయ్యేళ్లు గళ్లు లెక్కపెట్టిన మనిషి ఆయన. నోట్లోనే గొణుక్కున్నాడు. "పదహారు పదహార్లు రెండొందల యాభై ఆరు. దాన్ని మళ్లీ పదహారుసార్లు. నాలుగు వేల తొంభై ఆరు." ఆగి, "ఒక్కోదానికి ఎంతసేపు?" అన్నాడు.

నంబరు టైపు చెయ్యాలి, నెట్ కార్డు ఆపి మళ్లీ లేపాలి, సాఫ్ట్‌వేర్ నొక్కి చూడాలి. నిమిషన్నర. గంటకు నలభై. రోజుకు ఎనిమిది గంటలు కూర్చుంటే మూడు వందల ఇరవై. పదమూడు రోజులు. పాండురంగారావు పెట్టిన గడువుకు మిగిలింది పది.

"దీనికేదో చిన్న ప్రోగ్రాం రాసి పడేస్తే అదే చేసుకుపోద్దంట. చదువుకున్నోళ్లకి తెలుసు. నాకు తెలీదు," అన్నాడు అంద్రెయ. "బస్తా మొయ్యడం తెలుసు. ఒకటి దించితే ఇంకోటి. నే కూర్చుంటా."

"నీ పనులో?"

"పారేయమన్నది నేను గదక్కా."

ఆదివారం మొదలుపెట్టారు. పూర్వం గళ్ల కాగితం రోజుల్లో ఒకరు గళ్లు చదువుతుంటే ఇంకొకరు అట్టకు బెజ్జాలు కొట్టేవాళ్లు. ఇప్పుడూ అలాగే కుదిరింది. యజ్ఞనారాయణ మంచం మీద కూర్చుని వరస తప్పకుండా నంబరు చెప్పేవాడు, అంద్రెయ కొట్టేవాడు, పక్కనుంచి కనకలక్ష్మి మౌస్ నొక్కేది. టంగు. ఆయన తరవాతది చెప్పేవాడు. కళ్లు లేని మనిషి ఒక్కసారి కూడా వరస తప్పలేదు. తప్పింది కళ్లున్న వాళ్లే.

"త్రీ ఏ సెవెన్."

"కొట్టాను మాస్టారూ."

"కొట్టలేదు. ఎంటర్‌తో కలిపి మీట నాలుగుసార్లు మోగాలి, మూడే మోగింది."

చూస్తే నిజమే, సెవెన్ పడలేదు.

సగంలో ఆగిన పని ఏమైందని ప్రేమకుమారి ఫోన్ చేసి తిట్టింది. నాలుగో రోజు, నువ్వు రావద్దు, వేరేవాణ్ణి పిలిచానంది. ఆ వేరేవాడు వచ్చి ఫార్మాట్ కొట్టి, ఆవిడ దాచుకున్న అప్లికేషన్లన్నీ తుడిచేశాడు. ఆ సంగతి చెప్పడానికి మళ్లీ ఫోన్ చేసి ఇంకా ఎక్కువ తిట్టింది. అంద్రెయ ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని టైపు చేస్తూనే, "అవును తల్లీ, తప్పే తల్లీ," అన్నాడు. తెనాలిలో రెండు షాపులు కూడా వేరే మనిషిని చూసుకున్నాయి. పొద్దున బండి ఎక్కడం, సాయంత్రం బండి దిగడం. కోసుకున్న పాదం చీము పట్టింది. నడుముకు కనకలక్ష్మి పాత చీరతో గట్టిగా కట్టు కట్టింది.

పదో రోజు పాండురంగారావు వచ్చాడు. మర్యాదస్తుడు. గుమ్మంలోనే చెప్పులు విడిచి, మంచం పక్కన కుర్చీలో కూర్చుని టీ తాగాడు. ముగ్గురూ పని ఆపకుండా చేసుకుపోతుంటే కొంచెంసేపు విన్నాడు. టంగు. టంగు. టంగు.

"ఇదేంటి మాస్టారూ, గంటలు కొడుతున్నారు?"

"తాళం వెతుకుతున్నాం. ఇంకో మూడు రోజుల్లో దొరుకుద్ది. మూడే మూడు రోజులండి."

పాండురంగారావు కప్పు కింద పెట్టాడు. "పవర్లూమ్ వాళ్లు మీ గవ్వల అంచు పాత చీర ఫోనులో ఫోటో తీసుకున్నారు. రెండు రోజుల్లో గీసేశారు. అచ్చు మీది కాదు, గవ్వ కొంచెం లావుగా వచ్చింది. కొనేవాళ్లకి ఏం తెలుసుద్ది? నేను నిన్ననే ఒప్పుకున్నా. మీకు ఫోన్లో చెప్పడం బాగుండదని వచ్చా."

"మగ్గాల వాళ్లు?" అంది కనకలక్ష్మి.

"ఇద్దరు రొయ్యల చెరువుల కాపలాకి పోయారమ్మా. ఒకడు అపార్టుమెంట్లో వాచ్‌మన్. మిగతా వాళ్లూ చూసుకుంటారు. నే మాత్రం ఎన్నాళ్లని లాగను చెప్పు."

ఆయన వెళ్లాక కనకలక్ష్మి మౌస్ మీంచి చెయ్యి తీసేసింది.

"ఇంకెందుకు తమ్ముడూ? ఇంటికి పో."

అంద్రెయ లేవబోయాడు. నడుం కట్టు బిగుసుకుని వెంటనే లేవలేకపోయాడు.

"సీ సెవెన్ వన్," అన్నాడు యజ్ఞనారాయణ.

"ఎవరి కోసమండీ?"

"ఎవరి కోసమూ కాదు. అవి ఉన్నాయో పోయాయో నాకు తెలియాలి. సీ సెవెన్ వన్ కొట్టు అంద్రెయా."

కొట్టాడు. టంగు.

పన్నెండో రోజు మధ్యాహ్నం, అన్నాలు తినబోయే ముందు, యజ్ఞనారాయణ "ఈ సెవెన్ టూ" అన్నాడు. అంద్రెయ కొట్టాడు. కనకలక్ష్మి నొక్కింది. చప్పుడు రాలేదు. మొదట తెలుసుకున్నది కళ్లు లేని మనిషే. మంచం పట్టె పట్టుకుని సగం లేచాడు.

"ఏంటి? ఏమొచ్చింది?"

"తెరుచుకుందండీ," అంది కనకలక్ష్మి. ఏడుపు ఆపుకోలేదు. "అన్నీ ఉన్నయ్. మొత్తం ఉన్నయ్."

"గవ్వల అంచు తియ్యి."

"వద్దనేశారు గదండీ ఆయన."

"తియ్యి. అట్ట కొట్టు."

మిషను మొదలైంది. టకటకమంటూ మొదటి అట్ట బయటికి వచ్చింది. అంద్రెయ దాన్ని తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన బెజ్జాల మీద వేళ్లు పోనిచ్చి, మొదటి నుంచి చివరిదాకా తడిమి, వెనక్కి వచ్చి మళ్లీ తడిమాడు.

"సన్నగానే ఉంది గవ్వ," అన్నాడు. కొంతసేపటికి, "చివర్నుంచి మొదలెట్టి ఉంటే రెండో రోజుకే దొరికేదయ్యా," అన్నాడు.

ఆ లెక్క అంద్రెయ అప్పటికే వేసుకున్నాడు. సున్నా నుంచి మొదలుపెడదామన్నది కూడా అతనే.

సంచిలోంచి మార్కింగ్ పెన్ను తీసి, కంప్యూటర్ మూత లోపలివైపు పన్నెండు అంకెలూ పెద్దగా రాశాడు, బస్తాల మీద రాసినట్టు. నీళ్లలో నాని తుప్పు పట్టిన పాత బోర్డు ఇంకా ఆ ఎర్రగుడ్డలోనే మూలన ఉంది. కనకలక్ష్మి దాని వైపు చూసింది, ఏం చెయ్యమంటావని ఈసారి అడగలేదు. అంద్రెయ మూట తీసి సంచిలో వేసుకున్నాడు. కుంటుకుంటూ సందు మలుపు తిరిగేదాకా మిషను చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఇప్పుడు తెనాలిలోనో రేపల్లెలోనో అంద్రెయ చెయ్యి పడిన ఏ కంప్యూటర్ మూత విప్పినా లోపల వంకరటింకరగా పన్నెండు అంకెలు కనపడతాయి. అవేంటో అడిగినవాళ్లకు చెప్పడు. ప్రేమకుమారి మళ్లీ పిలుస్తోంది, మళ్లీ తిడుతోంది. మూడు నెలలకోసారి బాపట్ల వెళ్లి, మాస్టారి కంప్యూటర్ దుమ్ము దులిపి, ఒకసారి లేపి చూసి వస్తాడు. అది ఠంచనుగా లేస్తుంది. కనకలక్ష్మి ఇప్పుడు పొద్దున్నే ఒక హాస్టల్లో వంటకు పోతోంది. ఆ రోజు కొట్టిన గవ్వల అంచు అట్టల దండ ఎలుకలకు అందకుండా వాసానికి వేలాడుతోంది. ఏ మగ్గమూ దాన్ని ఇంతవరకు అడగలేదు.